డాక్టర్ గారి డైములు: ఒక ఎస్టేట్ వాల్యుయేషన్ కేసు

ఒహాయోలో టొలీడో దగ్గర ఒక చిన్న ఊళ్ళో ప్రాక్టీసు చేసి రిటైరైన తెనాలి డాక్టర్ గారొకరు పోయారు. డెబ్బైల్లో వచ్చిన బ్యాచ్. అమెరికా ఇమిగ్రేషన్ చట్టం మారింది 1965 లో, డైముల్లోంచి (పది సెంట్ల నాణేలు) వెండి తీసేసింది కూడా 1965 లోనే, అందుకే ఆ తరం డాక్టర్లలో కొంతమందికి ఈ పిచ్చి ఉంటుంది, వాళ్ళు దిగేటప్పటికి చిల్లరలో వెండి డైములు ఇంకా అక్కడక్కడా తగుల్తూనే ఉండేవి, దొరికింది దొరికినట్టు పక్కన పెట్టుకునేవాళ్ళు. ఈయన కూడా అంతే. నాణేలు గుంటల్లో గుచ్చి పెట్టుకునే నీలం ఫోల్డర్లు రెండు, ఒక పాత హార్లిక్స్ సీసా, రెండు మూడు చాక్లెట్ డబ్బాలు, మింట్ (నాణేల టంకశాల) నుంచి ఏటా తెప్పించుకున్న ప్రూఫ్ సెట్ల (కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా కొట్టినవి) పెట్టె ఒకటి. అన్నీ కలిపి వెయ్యి దాటి డైములు.

వాళ్ళమ్మాయి డాలస్ లో ఉంటుంది, అబ్బాయి న్యూజెర్సీలో. పాత నాణేలకి విలువ కట్టేది నేను కాబట్టి అమ్మాయి (నన్నూ అన్నయ్యా అనే పిలుస్తుంది) నాకు ఫోన్ చేసి అడిగింది మూడు విషయాలు. ఎస్టేట్ పేపర్లకి ఒక విలువ కావాలి, అన్నాచెల్లెళ్ళిద్దరికీ పంచేలా ఉండాలి, మూడోది "అన్నయ్యా, 1916 డి ఒకటి ఉందంట నాన్న డైరీలో, అదొక్కటే వేలల్లో పలుకుతుందని నెట్ లో చూశా, నిజమేనా" అని. 1916 డి అంటే ఆ ఏడాది డెన్వర్ మింట్ లో కొట్టిన డైమ్. మూడోది నిజమైతే మొదటి రెండూ మారిపోతాయి కాబట్టి చూడకుండా ఏమీ చెప్పనన్నాను.

ముందు ఒక మాట, ఈ పనిలో సగం పైన టైము దేని మీద టైము పెట్టకూడదో తేల్చుకోడానికే పోతుంది. వెయ్యి డైముల్ని ఒక్కొక్కటీ లూప్ (చిన్న భూతద్దం) కింద పెట్టి చూస్తూ కూర్చుంటే సంక్రాంతి వెళ్ళి ఉగాది వస్తుంది. అందుకని మొదటి జల్లెడ అంచు. డైమ్ ని నిలబెట్టి అంచు చూడండి, మధ్యలో రాగి గీత కనిపిస్తే 1965 నుంచి వచ్చిన క్లాడ్ (లోపల రాగి, పైన వేరే లోహం పొర), గీత లేకుండా అంచంతా తెల్లగా ఉంటే వెండి. పేర్చి పెడితే ఒక చూపులో యాభై తేలిపోతాయి, డేట్ చదవక్కర్లేదు. 1964 దాకా డైమ్ అంటే 90 శాతం వెండి 10 శాతం రాగి, 2.5 గ్రాములు. క్లాడ్ ది 2.27 గ్రాములు. అయస్కాంతం టెస్ట్ అని కొందరు చెప్తారు గానీ రెండూ అయస్కాంతానికి అంటుకోవు కాబట్టి దాంతో వెండీ క్లాడూ విడదీయలేం, స్టీలుతో చేసిన చవక నకిలీలు మాత్రం దొరుకుతాయి.

ఇక్కడే అమ్మాయి పక్కన తీసిపెట్టిన ఒక 1965 డైమ్ సంగతి తేల్చాం. 1965 డేటుతో పొరపాటున వెండి మీద కొట్టినవి ఉన్న మాట నిజమే, వేలల్లో పలికే మాటా నిజమే, కానీ దానికి రుజువు బరువు. వందో వంతు గ్రాము చూపించే కాటా మీద పెడితే 2.26 వచ్చింది, అంచున రాగి గీత కూడా ఉంది, అయిపోయింది. అలాగే డెబ్బైల నాటి డైములు ఓ గుప్పెడు "మింట్ మార్క్ లేదు, ఎర్రర్" అని కవర్లో వేసి పెట్టింది. మింట్ మార్క్ అంటే ఏ మింట్ లో కొట్టారో చెప్పే అక్షరం. ఫిలడెల్ఫియాలో కొట్టిన డైములకి 1980 దాకా మింట్ మార్కే లేదు, 1965 నుంచి 67 దాకా అయితే ఏ మింట్ కీ లేదు. అవి పది సెంట్లు, అంతే. వీడియోల్లో ఈ సంగతి చెప్పరు, చెప్తే వీడియో ఉండదు మరి. గుంటూరు నుంచి కజిన్ ఒకాయన వాట్సాప్ లో "పాత నాణేలకి లక్షలిస్తాం" మెసేజ్ కూడా పంపాడంట ఆ టైములోనే, ఇలాంటి వాటిని నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 లో హెచ్చరించింది, అది ముందు డిలీట్ చేయించాను.

జల్లెడ అయ్యాక మామూలు వెండి డైములు 640 తేలాయి, అంటే ఫేస్ వేల్యూ 64 డాలర్లు. వీటిలో నలభైల చివరి నుంచి 1964 దాకా రూజ్‌వెల్ట్ బొమ్మ ఉన్నవి ఎక్కువ, అంతకు ముందు డిజైను మెర్క్యురీలు, అరిగిపోయినవి, మిగతావి. కొత్త డైమ్ లో ఔన్సులో 0.0723 వంతు వెండి ఉంటుంది, కానీ చేతులు మారి అరిగినవి కాబట్టి ట్రేడ్ లో డాలర్ ఫేస్ కి 0.715 ఔన్సు అని లెక్కేస్తారు. 64 ని దాంతో గుణిస్తే 45.76 ఔన్సులు. నాకు దీన్ని ఇంకో దారిలో కూడా సరిచూసుకోవడం అలవాటు, మొత్తం కాటా మీద పోస్తే 1,580 గ్రాముల దగ్గర వచ్చింది, అందులో 90 శాతం, దాన్ని 31.1 తో (వెండి తూచే ట్రాయ్ ఔన్సుకి అన్ని గ్రాములు) భాగిస్తే మళ్ళీ 45.7. రెండూ కలిశాయి అంటే మధ్యలో క్లాడ్ లు ఏమీ దూరలేదు అని అర్థం. ఔన్సు వెండి 30 డాలర్లు అనుకుంటే ఈ కుప్ప 1,370 చిల్లర, ధర మారితే అదే మారుతుంది. ఎస్టేట్ పేపర్లో మాత్రం ఆయన పోయిన రోజు నాటి వెండి ధరే వేశాను, నేను చూసిన రోజుది కాదు. వారసత్వంగా వచ్చిన వస్తువుకి ఇక్కడ ఆ రోజు విలువే కొత్త కొన్నధర అవుతుంది, రేపు అమ్మినప్పుడు లాభం లెక్క దాని మీదే, పైగా కలెక్టిబుల్స్ కి లాంగ్ టర్మ్ లో ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది, కాబట్టి ఈ తేదీ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు.

ఈ 640 లో 1955 వి కొన్ని ఉన్నాయి. డాక్టర్ గారు వాటిని విడిగా కాగితంలో చుట్టి దాచారు, ఆ ఏడాది మూడు మింట్లలోనూ తక్కువే కొట్టారని అప్పట్లో అందరూ ఎగబడ్డారు. అందరూ దాచారు కాబట్టే ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి, అరిగినవైతే వెండి ధరే. ఈ పాయింట్ అమ్మాయికి ఎక్కించడానికి ఇంకో జత చూపించా. 1921 లో ఫిలడెల్ఫియా కొట్టిన మెర్క్యురీలు 12 లక్షల 30 వేలు. 1996 లో రూజ్‌వెల్ట్ డైమ్ కి యాభై ఏళ్ళయిందని వెస్ట్ పాయింట్ లో డబ్ల్యూ మార్కుతో కొట్టి ఆ ఏడాది మింట్ సెట్లలో పెట్టి ఇచ్చినవి సుమారు 14 లక్షల 50 వేలు. దాదాపు ఒకటే సంఖ్య. కానీ 1921 వి జనం బీరు తాగి ట్రామ్ ఎక్కి ఖర్చు పెట్టేశారు (సరే, 1921 లో బీరు మీద నిషేధం ఉంది, సోడా అనుకోండి), 1996 వి సెట్ లోంచి బయటకే రాలేదు, ఒక్కొక్కటీ ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. మొదటిది అక్షరాలు సగం అరిగినా పదుల డాలర్లు, రెండోది అద్దంలా ఉన్నా ఇరవై అటూ ఇటూ. ఎన్ని కొట్టారు అన్నది కాగితం మీద లెక్క, ఎన్ని మిగిలాయి, ఎలా మిగిలాయి అన్నదే ధర.

ఆ 1921 డాక్టర్ గారి దగ్గర నిజంగా ఒకటి ఉంది. ఫోల్డర్ లో ఆ గుంట ఖాళీగా కనిపిస్తే పోయిందేమో అనుకున్నా, తర్వాత తెలిసింది అది దేవుడి గదిలో ఉందని. ఆంటీ, అంటే డాక్టర్ గారి భార్య, ఏటా వరలక్ష్మీ వ్రతానికి వెండి నాణేలు కావాలని కొన్ని మెర్క్యురీలు కలశం దగ్గర పెట్టేవారట, పెట్టేముందు చింతపండుతో తోమి విభూతితో మెరుగు పెట్టేవారు. మన ఇళ్ళల్లో వెండి సామాను అంటే అంతేగా, తోమకపోతే లక్ష్మి రాదు. కాయిన్ కలెక్టర్ల దగ్గర మాత్రం తోమితేనే లక్ష్మి పోతుంది. నాణెం కొట్టినప్పుడు లోహం డై (అచ్చు) లోకి పారుతుంది, ఆ పారిన గీతలు ఉపరితలం మీద కంటికి ఆనని సన్నటి చారల్లా మిగుల్తాయి, కాయిన్ ని దీపం కింద తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది వాటి వల్లే. విభూతి పెట్టి రుద్దితే ఆ చారలు పోయి వాటి స్థానంలో ఒకే వైపుకి సన్న గీతలు పడతాయి, రంగు కూడా జీవం లేని తెలుపు అవుతుంది. అరిగిన నాణెం మీద ఆ చారలు ఎలాగూ ఉండవు అనుకోండి, కానీ వందేళ్ళ వెండి మీద సహజంగా ఉండే బూడిద రంగు పొర పోయి గిన్నెలా తెల్లగా కనిపిస్తే చూసేవాడికి తెలిసిపోతుంది. నాణెం అసలుదో కాదో, ఎంత బాగుందో తేల్చి నంబర్ ఇచ్చే గ్రేడింగ్ కంపెనీకి పంపితే దీనికి నంబర్ ఇవ్వరు, "క్లీన్డ్" అని రాసి డీటెయిల్స్ అంటారు, ధర దాదాపు సగానికి దిగుతుంది.

ఆంటీకి ఇది ఎలా చెప్పాలా అనుకున్నా. ఆవిడే తేల్చేశారు, "డబ్బు కోసం పెట్టుకున్నవి కాదు కదా నాయనా, పూజకి పెట్టుకున్నవి, అవి నా దగ్గరే ఉంచు" అన్నారు. రిపోర్ట్ లో వాటికి విలువ రాసి పక్కన "తల్లి వద్దనే" అని రాశాను. పసుపు కుంకుమ అంటినవి మాత్రం రుద్దకుండా ప్యూర్ అసిటోన్ లో నానబెట్టి తీశా, పసుపు రంగు అసిటోన్ లో కరిగిపోతుంది, వెండికి ఏమీ కాదు. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వాడకండి, అందులో సెంట్లూ నూనెలూ కలుపుతారు. పాత మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన వాటికి ఆకుపచ్చ జిగురు పడుతుంది చూడండి, దానికీ అసిటోనే, కిటికీ తీసి పెట్టుకుని, పొయ్యి దగ్గర కాకుండా.

ఇప్పుడు 1916 డి సంగతి. అట్టముక్క హోల్డర్ లో స్టేపుల్ కొట్టి ఉంది, ఎనభైల్లో ఒక ఫ్లీ మార్కెట్ లో కొన్నట్టు డైరీలో ఉంది. మెర్క్యురీ డైమ్ మొదటి ఏడాది అది, అడాల్ఫ్ వైన్‌మన్ డిజైన్, నిజానికి ఆ బొమ్మ మెర్క్యురీ దేవుడిది కాదు రెక్కల టోపీ పెట్టుకున్న లిబర్టీది (స్వేచ్ఛకి గుర్తయిన స్త్రీ బొమ్మ) గానీ ఆ పేరే నిలబడిపోయింది. 1916 అక్టోబర్ చివర్లో జనంలోకి వచ్చాయి, ఫిలడెల్ఫియా ఆ కొద్ది నెలల్లోనే 2 కోట్ల 20 లక్షల పైన కొట్టింది, డెన్వర్ కొట్టింది 2 లక్షల 64 వేలు మాత్రమే, ఈ లోగా వాళ్ళని క్వార్టర్ల (పావు డాలర్ నాణేలు) పనిలోకి మళ్ళించారు. అందుకే బాగా అరిగిన 1916 డి కూడా వందల డాలర్లు. అందుకే దొంగలకీ ఇష్టం, ఫిలడెల్ఫియాది చవగ్గా దొరుకుతుంది, వెనక వైపు ఒక చిన్న డి అతికిస్తే చాలు. వెండి నిజం, బరువు నిజం, డిజైన్ నిజం, అబద్ధం అంతా ఒక మిల్లీమీటర్ కూడా లేని అక్షరంలో ఉంటుంది. కాటా ఇక్కడ పనికిరాదు, ఇది కూడా 2.4 పైనే తూగింది.

నేను చూసే వరుస చెప్తా. మొదట లూప్ లేకుండా అరుగుదల. వెనక వైపు కట్టెల మోపు లాంటి ఫాసెస్ బొమ్మ ఉంటుంది, ఇందులో నిలువు గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి, అంటే గుడ్ గ్రేడు, నాణేల స్థితికి వాడే 1 నుంచి 70 స్కేల్ మీద 4. కానీ ఆ డి మాత్రం నిన్న కొట్టినట్టు నిటారుగా ఉంది. పక్కన అన్నీ అరిగితే ఇదొక్కటే అరక్కుండా ఎలా ఉంటుంది? అనుమానం అక్కడే మొదలైంది. రెండోది అక్షరం ఆకారం. అసలు 1916 డి లో డి కొంచెం మందంగా, కొసల్లో తెగిన మూలలతో ఉంటుంది, లోపలి ఖాళీ చిన్నగా త్రికోణంలా ఉంటుంది. ఇందులో డి సన్నగా, లోపల కోడిగుడ్డు ఆకారంలో పెద్ద ఖాళీ. మూడోది స్థానం. ఆ ఏడాది డెన్వర్ వాడిన వెనక డైలు నాలుగే అని తేలింది, నాలుగింటిలోనూ ఆ డి ఎక్కడ ఎంత వంగి ఉందో ఫోటోలు దొరుకుతాయి, అసలుది అయితే ఆ నాలుగింటిలో ఒకదానితో కలిసి తీరాలి. ఇది దేనితోనూ కలవలేదు. ఇక చివరికి మైక్రోస్కోప్ కింద పెడితే డి చుట్టూ అడుగున సన్నటి గీత, ఒక పక్క టంకం లాంటి వేరే రంగు లోహం కొంచెం బయటికి వచ్చి కనిపించింది. ఫోన్ లో ఫోటో తీసి అమ్మాయికి పంపాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత "నాన్నకి తెలుసా అన్నయ్యా" అంది. తెలిసుండదమ్మా అన్నాను, ఎందుకంటే డైరీలో కొన్న ధర పక్కన రెండు గీతలు గీసి ఉన్నాయి, సంతోషంగా గీసిన గీతల్లాగే ఉన్నాయి. ఈ నాణేన్ని రిపోర్ట్ లో "మార్చబడిన మింట్ మార్క్, వెండి విలువ" అని రాశాను. గ్రేడింగ్ కి పంపుదాం, వాళ్ళేమంటారో చూద్దాం అని అబ్బాయి అన్నాడు, ఫీజు దండగ తప్ప వేరే ఫలితం రాదన్నాను. అసలుదని అమ్మితే మోసం, అంతే, "నాకు తెలీదు" అనే మాట ఇక చెల్లదు. హోల్డర్ మీద ఎర్ర ఇంకుతో రాయించాను, ఇంకో తరం తర్వాత ఎవరో మళ్ళీ మోసపోకుండా.

ఇంకొన్ని త్వరగా. ఫోల్డర్ లో 1945 మెర్క్యురీ ఒకటి దాదాపు కొత్తగా ఉంది, ఫాసెస్ కి మధ్యలో కట్టిన రెండు పట్టీలు పూర్తిగా విడిగా కనిపిస్తే ఫుల్ బ్యాండ్స్ అంటారు, ఫిలడెల్ఫియా 1945 లో అలా పడినవి చాలా అరుదు, మింట్ స్టేట్ లో (అసలు వాడని స్థితి) వేల డాలర్లు. ఇందులో పట్టీలు కలిసిపోయాయి, కాబట్టి మామూలు ధర. 1945 ఎస్ లో (ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో మింట్) ఎస్ చిన్నగా ఉండే మైక్రో ఎస్ రెండు దొరికాయి, సరదాకి బావుంటాయి, అరిగిన వాటికి వెండి మీద కొంచెం ఎక్కువ ఇస్తారు. 1942 లో 2 వెనక 1 కనిపించే ఓవర్‌డేట్ కోసం 1942 వి అన్నీ వెతికాను, లేదు. ప్రూఫ్ సెట్లలో 1975 ది చేతిలోకి తీసుకున్నప్పుడు ఎంత అనుభవం ఉన్నా గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది, ఆ ఏడాదివి ఎస్ మార్క్ లేని ప్రూఫ్ డైములు రెండే తెలుసు ప్రపంచంలో, 2024 లో ఒకటి 5 లక్షల డాలర్లు దాటింది. ఎస్ ఉంది. ఇలాంటి పొరపాటే జరిగిన 1970, 1983 సెట్లలోనూ ఉంది. మూసి పెట్టేశాను.

ఒక సీటెడ్ లిబర్టీ డైమ్ (కూర్చున్న లిబర్టీ బొమ్మ ఉన్న పాత డిజైను) మాత్రం నాకు నచ్చింది. 1880ల నాటిది, వెనక వైపు నున్నగా అరగదీసి రెండు పొడి అక్షరాలు పూలతీగల్లా చెక్కారు. లవ్ టోకెన్ అంటారు, ఆ రోజుల్లో ప్రేమించిన వాళ్ళకి ఇలా చెక్కించి ఇచ్చేవారు, చవక కాబట్టి డైమే ఎక్కువ వాడేవారు. నాణెంగా దాని పని అయిపోయింది, పాడైన సరుకు, కానీ టోకెన్లు పోగేసేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు చెక్కడం చూస్తారు, డేట్ చూడరు. ఇది పదుల డాలర్లలో ఉంటుంది.

ఇక క్లాడ్ డబ్బా. అంచులో రాగి గీత ఉన్నవి, నాలుగు వందల పైన. అబ్బాయి కాయిన్ మెషీన్ లో పోసేద్దాం అన్నాడు. నేను 1982 వి మాత్రం ఏరనివ్వండి అన్నాను, కారణం ఆ ఇల్లు ఎక్కడుందో అది. 1980 నుంచి ఫిలడెల్ఫియా డైములకి పి మార్క్ పడాలి. అప్పట్లో మింట్ మార్క్ ని ఒక్కో డై మీద చేత్తో పంచ్ కొట్టేవాళ్ళు, 1982 లో ఒక డై కి కొట్టడం మర్చిపోయారు, అది ప్రెస్ ఎక్కింది. ఆ పి లేని డైములు ఎక్కువగా బయటపడింది ఒహాయోలోనే, సాండస్కీలో, అక్కడి సీడర్ పాయింట్ అమ్యూజ్‌మెంట్ పార్క్ చిల్లరలో వచ్చాయని చెప్తారు. టొలీడో నుంచి సాండస్కీ గంట డ్రైవ్. "ప్రతి సమ్మర్ వెళ్ళేవాళ్ళం అన్నయ్యా, నాన్న రైడ్స్ ఎక్కేవారు కాదు, బయట బెంచీ మీద కూర్చునేవారు" అంది అమ్మాయి. పార్క్ లో వచ్చాయో బ్యాంకులో వచ్చాయో మనకి తెలీదు గానీ డబ్బాలో పి లేని 1982 లు మూడు దొరికాయి.

ఇక్కడా జాగ్రత్త ఉంది. డై లో గ్రీజు ఇరుక్కుంటే పి సగం పడుతుంది, లేదా నీడలా పడుతుంది, అది వేరే, దానికి పెద్దగా ఇవ్వరు. డేట్ పైన ఆ చోటు పూర్తిగా శుభ్రంగా ఉండాలి, దీపాన్ని పక్క నుంచి వాల్చి చూస్తే ఉబ్బు కొంచెం ఉన్నా నీడ పడుతుంది. మూడింట్లోనూ ఏమీ లేదు. ఇందులో మళ్ళీ స్ట్రైక్ (ముద్ర పడిన తీరు) బలంగా ఉన్నవి, బలహీనంగా ఉన్నవి అని రెండు రకాలు, బలంగా ఉన్నవాటికే గిరాకీ. రెండు బలమైనవి, ఒకటి బలహీనం. బలమైన వాటిలో ఒకటి అరగలేదు, బహుశా వచ్చిన రోజే డబ్బాలో పడింది.

గ్రేడింగ్ కి దేన్ని పంపాలి అన్నది లెక్క. ఫీజు, రానుపోను షిప్పింగ్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే ఒక కాయిన్ కి యాభై డాలర్ల దాకా తేలుతుంది, పంపడం వల్ల పెరిగే ధర అంతకన్నా బాగా ఎక్కువ ఉంటేనే పంపాలి. ఇంత పెద్ద కుప్పలోంచి నేను పంపమన్నది ఒక్కటి, అరగని 1982. అబ్బాయి కొంచెం నిరాశపడ్డాడు, స్లాబ్ లో, అంటే వాళ్ళు సీలు వేసి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బాలో, చూస్తే బావుంటాయి కదా అని. బావుంటాయి, కానీ పది డాలర్ల డైమ్ ని యాభై పెట్టి డబ్బాలో వేయించడం అత్తగారి సొమ్ము అల్లుడి దానం కూడా కాదు, సొంత సొమ్మే.

ధరలు ఎక్కడ చూశానంటే, ఈబేలో అడుగుతున్న ధరలు చూడలేదు, అక్కడ ఎవరైనా ఎంతైనా అడగొచ్చు, అమ్ముడుపోయినవి అని ఫిల్టర్ పెట్టి చూశా, పెద్ద వాటికి హెరిటేజ్ వేలం రికార్డులు, డీలర్ కొనే ధరకి గ్రేషీట్ అనే డీలర్ల ధరల జాబితా. రిపోర్ట్ లో ప్రతి విడి నాణేనికీ రెండు అంకెలు ఇచ్చాను, రిటైల్ ఎంత, రేపు షాపుకి తీసుకెళ్తే చేతికి వచ్చేది ఎంత. ఈ రెండో అంకె చెప్పకుండా విలువ కట్టేవాళ్ళ వల్లే ఇళ్ళల్లో గొడవలు.

640 వెండి డైముల్ని అన్నాచెల్లెళ్ళు చెరి సగం తూకం వేసుకున్నారు, అమ్మలేదు. 1982 ది మింట్ స్టేట్ గా తిరిగి వచ్చింది, మింట్ మార్క్ లేదని లేబుల్ మీద రాసి మరీ ఇచ్చారు, అది అమ్మాయి ఉంచుకుంది. లవ్ టోకెన్ మీద అక్షరాల్లో ఒకటి అబ్బాయి భార్య పేరుతో కలిసింది కాబట్టి అటు పోయింది. నకిలీ 1916 ని నా దగ్గర పెట్టుకోమన్నారు, ఎవరైనా నేర్చుకోడానికి వస్తే చూపించడానికి. క్లాడ్ లు మెషీన్ లో పోశారు. ప్రూఫ్ సెట్ల పెట్టె అడుగున నికెల్స్ (అయిదు సెంట్ల నాణేలు) డబ్బా ఇంకోటి బయటపడింది, దాంట్లో 1942 నుంచి 45 దాకా ఉన్న వాటిలో వెనక మాంటిచెల్లో భవనం బొమ్మలో గోపురం పైన పెద్ద అక్షరం ఉన్నవి ఉంటే ఏరి పెట్టమన్నాను, వాటిలో 35 శాతం వెండి ఉంటుంది. తోమొద్దని ఆంటీకి కూడా చెప్పమన్నాను.